అపవర్తనము: పాఠ్యపుస్తకములలో దాని స్థానము

దశాంశ భిన్నమును సామాన్య భిన్నముగా మార్చుట పాఠశాల గణితములో మిక్కిలి చిన్న విషయముగా పరిగణింపబడుచున్నది. క్రింది తరగతుల పుస్తకములలో దానికి దక్కునది ఒక పుటయో, అరపుటయో. బిందువునకు కుడివైపున ఎన్ని అంకెలున్నవో లెక్కింపవలయును. ఒకటి ప్రక్కన అన్ని సున్నలు చేర్చి హారముగా నుంచవలయును. బిందువును తొలగింపగా మిగిలిన సంఖ్యను లవముగా నుంచవలయును. పిమ్మట, వీలైనచో, కనిష్ఠ రూపమునకు తేవలయును. ఈ విధమున 0.375 అనునది 375/1000 అగును. పైని క్రిందను 5 చేత మూడుమారులు భాగింపగా 3/8 వచ్చును. అంతటితో పాఠము ముగియును. అభ్యాసములో ఇరువది లెక్కలుండును. ఇరువదింటిని ఒకే తీరున చేయవచ్చును.

ఇందలి మొదటి మూడు పనులును కేవలము వ్రాతకు సంబంధించినవి. 0.375 అని వ్రాసినను 375/1000 అని వ్రాసినను చెప్పబడిన మాట యొక్కటియే. దశాంశ బిందువు హారమును దాచుకొన్న గుర్తు మాత్రమే. ఆ సంఖ్యను గూర్చి ఒక క్రొత్త సంగతి తెలియునది నాలుగవ పనిలోనే. వెయ్యి భాగములు చేసి మున్నూట డెబ్బదియైదు తీసికొనుట అనవసరమనియు, ఎనిమిది భాగములు చేసి మూడు తీసికొన్న చాలుననియు అప్పుడే తెలియును. అట్టి పనిని పుస్తకములు "వీలైనచో" అను ఒక్క మాటతో దాటవేయుచున్నవి. ఇల్లు కట్టి ముగించిన తరువాత వాకిలి ఊడ్చినట్లు, జవాబు వచ్చిన తరువాత చేయవలసిన శుభ్రతగా దానిని భావించుచున్నవి. ఈ వ్యాసమున విమర్శింపబడుచున్నది ఈ భావమే.

తరగతిలో ఈ పనికి వాడుకలో నున్న పేరు "కొట్టివేత". మాట చులకనగా నుండుటయే కాదు, తప్పుదారి కూడ పట్టించును. 16/64 అను భిన్నమును చూచి, పైన ఒక ఆరు, క్రింద ఒక ఆరు ఉన్నవి గదా యని రెంటిని కొట్టివేసిన బాలునికి 1/4 వచ్చును. జవాబు సరియైనదే! 19/95 లో తొమ్మిదులను కొట్టివేసినను 1/5 సరియే. 26/65 లోను, 49/98 లోను ఇట్లే జరుగును. ఒకటికంటె చిన్నవైన భిన్నములలో, సున్నలను కొట్టివేయు సులభపు సందర్భములను విడిచినచో, రెండంకెల సంఖ్యలతో ఇట్లు కాకతాళీయముగా సరిపోవునవి ఈ నాలుగే. అదే బాలుడు 12/24 లో రెండులను కొట్టివేసి 1/4 అని వ్రాసినచో మార్కు పోవును. ఏల పోయెనో అతనికి తెలియదు. మొదటిసారి ఏల వచ్చెనో కూడ తెలియదు. కొట్టివేయబడునది అంకె కాదు, ఉభయ సామాన్యమైన భాజకము. ఈ భేదమును చెప్పవలసిన చోటు ఇదియే గాని, చెప్పు పుస్తకములు అరుదు.

సంస్కృత గణితకారులు ఈ పనికి వాడిన పేరు అపవర్తనము. లవహారములను రెంటిని ఒకే సంఖ్యచేత శేషము లేకుండ తగ్గించుట దాని అర్థము. ఆ సంఖ్యను కనుగొనుటకు వారికొక మార్గముండెను. పెద్దదానిని చిన్నదానితో భాగించి, ఆ శేషముతో చిన్నదానిని, వచ్చిన శేషముతో మొదటి శేషమును భాగించుచు పోవుటయే అది. శేషము సున్నయైనప్పుడు చివర నిలిచిన భాజకమే గరిష్ఠ సామాన్య భాజకము. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోని కుట్టక విధికి ఈ పరస్పర భాజనమే పునాది. రెండుతో పోవునా, మూడుతో పోవునా, అయిదుతో పోవునా యని తడవులాడుట దీనిలో లేదు.

ఈ మార్గము విలువ తెలియుటకు పాఠశాలలో ఎల్లరెరిగిన సంఖ్యనే తీసికొనుట మేలు. వృత్త పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని 3.1416 అని వ్రాయుదురు. ఆర్యభటుడు దీనిని దశాంశముగా చెప్పలేదు. ఆనాడు దశాంశ భిన్నపు వ్రాత లేదు. నూరునకు నాలుగు చేర్చి, ఎనిమిదిచేత గుణించి, అరువదిరెండు వేలు కలిపిన యెడల ఇరువది వేల వ్యాసము గల వృత్తమునకు ఆసన్నమైన పరిధి వచ్చునని ఆయన చెప్పెను. అనగా 62832/20000. వ్యాసమును ఇరువది వేలుగా గ్రహించుటలోనే నాలుగు దశాంశ స్థానములు ఇమిడియున్నవి. ఆరున్నర శతాబ్దముల పిమ్మట, 1150 లో, భాస్కరాచార్యుడు లీలావతిలో అదే విలువను మరియొక రూపమున చెప్పెను: వ్యాసమును 3927 చేత గుణించి 1250 చేత భాగింపవలయును. ఈ రెండును వేర్వేరు విలువలని భ్రమపడినవారు కలరు. 62832 ను 20000 ను 16 చేత అపవర్తించి చూచినచో భ్రమ తీరును. 16 చేత 3927 మారులు. 16 చేత 1250 మారులు. ఆపైన తగ్గదు. ఏలయన 3927 అనునది 3, 7, 11, 17 ల గుణలబ్ధము. 1250 లో 2, 5 తప్ప మరి లేవు.

ఇక పరస్పర భాజనముతో అదే పని చేసి చూడవలయును. 3.1416 అనగా 31416/10000. పదివేలతో 31416 ను భాగింపగా లబ్ధము 3, శేషము 1416. 1416 తో పదివేలను భాగింపగా లబ్ధము 7, శేషము 88. 88 తో 1416 ను భాగింపగా లబ్ధము 16, శేషము 8. 8 తో 88 ని భాగింపగా లబ్ధము 11, శేషము లేదు. కావున భాజకము 8, భిన్నము 3927/1250. పుస్తకము ఇచ్చట ఆగును. ఐనను పారవేయబడిన లబ్ధములను ఒకసారి తిరిగి చూచినచో విశేషము కనబడును. మొదటి లబ్ధము 3, అది మోటు విలువ. మొదటి రెండు లబ్ధములతో 3 కి 1/7 చేర్చగా 22/7 వచ్చును. భాస్కరుడు వ్యవహారమునకు చాలునని చెప్పిన స్థూల విలువ ఇదియే. మూడవ లబ్ధమైన 16 ను గూడ గ్రహించినచో, 22 ను 16 చేత గుణించి 3 కలుపగా 355. 7 ను 16 చేత గుణించి 1 కలుపగా 113. ఈ 355/113 అను విలువను అయిదవ శతాబ్దిలో చీనా దేశపు గణితజ్ఞుడు జూ చోంగ్‌జీ కనుగొనియుండెను. నాలుగవ లబ్ధమైన 11 తో అదే పని చేయగా 355 ను 11 చేత గుణించి 22 కలిపిన 3927. 113 ను 11 చేత గుణించి 7 కలిపిన 1250. ఒక దశాంశమును కనిష్ఠ భిన్నముగా మార్చు పనిలో మూడు నాగరికతలు తలపోసిన విలువలు వరుసగా మెట్లవలె దిగివచ్చినవి. దీనిని "శుభ్రత" యనుట న్యాయము కాదు.

ఈ సందర్భముననే మరియొక సంగతి. "22/7 లేక 3.14" అని ప్రశ్నపత్రములు వ్రాయుట పరిపాటి. వీటిని సమానములని బాలురు నమ్ముదురు. 3.14 కనిష్ఠ రూపమున 157/50. 22/7 నుండి దీనిని తీసివేయగా మిగులునది సరిగా 1/350. రెండును సరియైన విలువలు కావు. ఒకటి కొంచెమెక్కువ, ఒకటి కొంచెము తక్కువ. రెంటిలో 22/7 యే దగ్గరిది. దశాంశము ఆధునికము గనుక సూక్ష్మమనియు, భిన్నము పాతది గనుక మోటనియు అనుకొనువారికి ఈ లెక్క చాలును.

తెలుగువారికి ఈ విషయముతో గల సంబంధము భాస్కరునికంటె ముందటిది. రాష్ట్రకూట చక్రవర్తియైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, తొమ్మిదవ శతాబ్ది మధ్యమున, జైనుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. కన్నడ నేలను పుట్టిన ఆ గ్రంథమును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన రాజరాజ నరేంద్రుని కాలపువాడని కొందరును, తరువాతి శతాబ్దివాడని కొందరును వాదించిరి. ఎట్లైనను తెలుగున శాస్త్రగ్రంథములలో అది మొదటి వరుసలోనిది. మూలములోని జైన స్తుతులకు మారుగా శైవ స్తుతులను నిలిపి, తెలుగు చదువరికి దగ్గరగా దానిని మలచెను. కర్ణాటకమున స్థిరపడిన తెలుగువారు తమ రెండు భాషల నేలలను కలుపు గ్రంథము ఏదియని వెదకినచో కావ్యములకంటె ముందు దీనిని తలచుకొనవచ్చును. సంస్కృత మూలమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912 లో మదరాసున ప్రకటించిరి.

మహావీరుని గ్రంథమున భిన్నములకు కలాసవర్ణమని పేరు. దానికొక అధ్యాయమే కలదు. భిన్నములను గుణించునపుడు, గుణించుటకు ముందే ఒకదాని లవమును మరియొకదాని హారముతో అడ్డముగా తగ్గింపవలయునని ఆయన విధించెను. దానికి వజ్రాపవర్తనమని పేరిడెను. నేటి బాలురు ముందు గుణించి, పెద్ద సంఖ్యలు తెచ్చుకొని, పిమ్మట తగ్గించుటకు కష్టపడుచున్నారు. ఆచార్యుడు ముందు తగ్గించి పిమ్మట గుణింపుమనెను. హారములను సమము చేయుటకు కనిష్ఠ సామాన్య గుణిజమును నిరుద్ధమను పేర చెప్పినది కూడ ఆయనయే. ఒకటి అను సంఖ్యను, ఒకటి లవముగా గల భిన్నముల మొత్తముగా విడదీయుటకు ఆయన చూపిన సూత్రము మిక్కిలి అందమైనది. 1/2, 1/3, 1/9, 1/18 లను కూడినచో సరిగా ఒకటి వచ్చును. నాలుగు భిన్నములకు ఆ సూత్రము ఇచ్చు ఫలమిది.

పూర్వులను పొగడుటతో విమర్శ తీరదు. మహావీరుడు సూత్రము చెప్పెనే గాని అది ఏల నిలుచునో చెప్పలేదు. పద్యమున నియమము, వెంటనే ఉదాహరణము, అంతే. సంఖ్యను సున్నచేత భాగించినను అది మారదని ఆయన వ్రాసినది తప్పు. నేటి పాఠ్యపుస్తకములపై మోపిన నేరము, కారణము చెప్పక విధి మాత్రమే చెప్పుట, ఆయనకును వర్తించును. ఐనను ఆయన విధిలో అపవర్తనము క్రియకు ముందు నిలిచినది, చివర కాదు. అంతమాత్రమే ఆయన వద్ద నేర్చుకొనదగినది. అది కొంచెము కాదు.

కారణము వైపు వచ్చినచో, దశాంశపు హారము ఎల్లప్పుడును పదియో, నూరో, వెయ్యో. పదిలో ఉన్నవి 2, 5 మాత్రమే. కావున ముగియు దశాంశమును ఎంత తగ్గించినను హారమున 2, 5 తప్ప మరియొక ప్రధానాంకము మిగులదు. 0.0625 ను తీసికొనుడు. 625 అనునది నాలుగు అయిదుల గుణలబ్ధము. పదివేలలో నాలుగు రెండులును నాలుగు అయిదులును కలవు. అయిదులన్నియు పోగా మిగులునది 1/16. నాలుగంకెల దశాంశము తెలుగున ఒక్క మాట: వీసము.

తెలుగున ఏకపదముగా నిలిచిన భిన్నముల పేరులు అర, పావు, ముప్పావు, వీసము. అన్నిటి హారములును రెండు యొక్క ఘాతములే. కాని యనగా పావు అణా, రూపాయిలో అరువది నాలుగవ వంతు. బేడ యనగా రెండణాలు, ఎనిమిదవ వంతు. ఫ్రెంచి పాలనలోని యానాములో రూపాయికి ఎనిమిది ఫనోములు. పేరు వేరైనను వంతు అదే. మూడవ వంతునకు ఇట్టి ఒంటి పేరు వాడుకలో లేదు. "మూడవ వంతు" అని రెండు మాటలు కూర్పవలసినదే. దీనికి కారణము కరణముల లెక్కలలో దొరకును. పాత తెలుగు లెక్కలలో భిన్నమును నాలుగేసి వంతులుగా విభజించి వ్రాసెడివారు. నాలుగవ వంతులకు నిలువు గీతలు, ఒకటి రెండు మూడు. పదునారవ వంతులకు అడ్డగీతలు, ఒకటి రెండు మూడు. అరువది నాలుగవ వంతులకు మరల నిలువు గీతలు. స్థానమున ఏమియు లేనప్పుడు వ్రాయుటకు హళ్లి యను గుర్తు వేరుగా ఉండెను. ఈ గుర్తులు 2008 లో యూనికోడు లిపి పట్టికలో చేర్చబడినవి. దశాంశమున 0.375 అని మూడంకెలు వ్రాయవలసినదానిని కరణము ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలతో ముగించును: పావు, దానిపై రెండు వీసములు. తెలుగు కరణమునకు దశాంశము తెలియదనుట నిజమే. కాని స్థానమును బట్టి విలువ మారు భిన్నపు వ్రాత అతని చేతిలో ఉండెను. అది పదితో కాక నాలుగుతో నడచినది.

పదితో నడచు వ్రాతకు మూడవ వంతు లొంగదు. నాలుగుతో నడచు వ్రాతకు మూడవ వంతే కాదు, అయిదవ వంతు కూడ లొంగదు. 0.2 అని బాలుడు ఒక్క అంకెతో వ్రాయుదానిని కరణము గీతలతో ఎన్నటికిని ముగింపలేడు. తమిళుల పాత లెక్కలో మా యనగా ఇరువదవ వంతు, కాణి యనగా ఎనుబదవ వంతు, ముందిరి యనగా మున్నూట ఇరువదవ వంతు. అందు అయిదు చేరియున్నది గనుక నాలుగు మాలు కలిసి సరిగా అయిదవ వంతగును. ఒక మాయు ఒక కాణియు కలిసినది మాకాణి. అది 1/20, 1/80 ల మొత్తము, అనగా 1/16, తెలుగు వీసమే. తమిళులును దానిని వీసమందురు. కాణి మాత్రము తమిళమున ఎనుబదవ వంతు, తెలుగున అరువది నాలుగవ వంతు. తమిళనాట రెండు భాషల లెక్కపత్రములు కలిసియున్న యిండ్లలో ఈ మాటను చదువువారు జాగరూకులై యుండవలయును. ఇట్లు ప్రతి వ్రాతకును తనకు కనబడని వంతులు కొన్ని ఉండును. ఏ వంతునైనను వ్రాయగలది లవహారముల రూపమొక్కటియే. దశాంశమును భిన్నముగా మార్చుటకు ఇదియే అసలు ప్రయోజనము. మార్కుల కొరకు చేయు రూపాంతరము కాదు.

1957 ఏప్రిలు 1 వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు వచ్చినపుడు ఈ సంగతి అంగడిలో అనుభవమునకు వచ్చెను. అణా సరిగా 6.25 పైసలు. పైసలో పావు చెలామణిలో లేదు. అర పైసకు మించనిది వదలవలెననియు, మించినది పైసగా గ్రహింపవలెననియు మార్పు పట్టికలు నిర్ణయించెను. కావున అణాకు 6 పైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. మూడు అణాలను వేర్వేరుగా చెల్లించినవానికి 18 పైసలు, ఒక్కసారి చెల్లించినవానికి 19. పదునారు అణాలను విడివిడిగా మార్చినచో 96 పైసలే. తప్పు దశాంశములది కాదు. 1/16 ను రెండు స్థానములలో ఇరికించుటది. "నయా" అను మాట 1964 లో తొలగెను. పావలా నాణెము 2011 జూను 30 తో చెల్లకపోయెను. పదహారణాల తెలుగుతనమను మాట మాత్రము అణాలను చూడని తరములు కూడ పలుకుచున్నవి. వీసమెత్తు సందేహము లేదని చెప్పు బాలిక వీసమును 0.0625 గా గుర్తింపదు. గుర్తింపజేయుటకు పుస్తకమున చోటు లేదు.

ఇక ముగియని దశాంశములు. 0.33 ను మూడవ వంతుగా వ్రాయు అలవాటు మిక్కిలి ప్రబలినది. 0.33 అనగా 33/100. అది ఇంతకంటె తగ్గదు, తగ్గనిదే దానికి సాక్ష్యము. 1/3 నకును దానికిని భేదము 1/300. లక్ష రూపాయల ఆస్తిలో మూడవ వంతును 0.33 తో గుణించి పంచినచో పాలివానికి 333 రూపాయలకు పైగా తగ్గును. ముగ్గురు అన్నదమ్ములకు అట్లే పంచినచో వేయి రూపాయలు ఎవరికిని చెందక మిగులును. మూడులు అంతులేక సాగినప్పుడే అది మూడవ వంతు. తిరిగి తిరిగి వచ్చు అంకెలను లవముగా నుంచి, అన్ని తొమ్మిదులను హారముగా నుంచవలయునను విధి అందరెరిగినదే: 3/9. సంఖ్యను పదిరెట్లు చేసి అందుండి మొదటిదానిని తీసివేయగా తొమ్మిదిరెట్లు మిగులును గనుక తొమ్మిది వచ్చినది. 0.148148... అని సాగునది 148/999. ఇచ్చట తడవులాటవలన లాభము లేదు. 2 తో పోదు, 5 తో పోదు. 3 తో 999 పోవును గాని 148 పోదు. తగ్గదని బాలుడు వదలివేయును. పరస్పర భాజనమున 999 ని 148 తో భాగింపగా శేషము 111. 148 ని 111 తో భాగింపగా శేషము 37. 111 ని 37 భాగించును. కావున 37 చేత తగ్గించి 4/27. మూడు పంక్తుల పని.

ఇట్టి పని చేయుటకు కావలసిన సామగ్రి రెండు: పరస్పర భాజనము, హారమున 2, 5 తప్ప మరి లేనప్పుడే దశాంశము ముగియునను నియమము. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి గణిత పుస్తకమున ఇవి రెండును మొదటి అధ్యాయముననే ఉండెను. 2022 లో పాఠ్యభారము తగ్గింపు పేర తొలగించిన భాగములలో, యూక్లిడు పేర నున్న భాగహార న్యాయమును, అకరణీయ సంఖ్యల దశాంశ రూపముల పునర్విమర్శయును ఉన్నవి. మహమ్మారి కాలమున బాలురకు కలిగిన నష్టమును చూచి భారము తగ్గింపదలచుటను తప్పుపట్టనక్కరలేదు. తగ్గించునపుడు ఒకే రకపు లెక్కలు ఇరువదియున్న అభ్యాసములను తగ్గించి, కారణము చెప్పు పుటలను నిలుపవలసియుండెను. జరిగినది దీనికి విపర్యయము. విధి నిలిచినది, హేతువు పోయినది. బడిలో హేతువు విననివాడు దానిని బయట వినుట అరుదు. పట్నములో ప్రత్యేక శిక్షణకు సొమ్ము పెట్టగల వారి పిల్లలకు మరియొక దారి యుండును. రాష్ట్రపు సరిహద్దులలో తెలుగు మాధ్యమమున చదువు బాలునికి ఆ పుస్తకమే సర్వస్వము. ఆ భాషలో అతనికి రెండవ పుస్తకము దొరకదు.

ఎదుటి పక్షమున చెప్పదగిన మాటలు కూడ కలవు. అన్నిచోట్ల తగ్గింపు మేలు చేయదు. ఒక గుడ్డ 2.50 మీటర్లని కొలిచి వ్రాసినపుడు, సెంటీమీటరు వరకు చూచితినని ఆ సున్న చెప్పుచున్నది. 5/2 అని తగ్గించినచో ఆ సాక్ష్యము పోవును. రెండు భిన్నములలో ఏది పెద్దదో చెప్పుటకు దశాంశమే సులభము: 5/13, 7/18 అని చూపినచో ఆలోచింపవలయును, 0.384..., 0.388... అని చూపినచో వెంటనే తెలియును. కావున భిన్నము ఉత్తమము, దశాంశము అధమము అను వాదము నిలువదు. ఏది ఎప్పుడని తెలిసికొనుటకు రెంటి నడుమ రాకపోకలు సులభముగా నుండవలయును. ఆ దారిలోని వంతెనయే అపవర్తనము.

తెలుగు మాధ్యమమున కొంతవరకు చదివి, పై తరగతులకు స్థానిక భాషలోనికి మారు బాలురకు ఈ వంతెన మీద మరియొక చిక్కు ఎదురగును. అది మాటల చిక్కు. తెలుగున భిన్నమన్నది తమిళమున పిన్నము, కన్నడమున భిన్నరాశి, మరాఠీలో అపూర్ణాంకము, ఒరియాలో భగ్నాంశము. దశాంశము కన్నడమున దశమాంశము, ఒరియాలో దశమికము. ఇవి వినగానే పోల్చుకొనదగినవే. మరాఠీ మాట యొక్కటి కొంచెము వింతగా తోచును, ఏలయన 7/2 వంటిదానిని అపూర్ణమనుటకు తెలుగు చెవి ఒప్పదు. ప్రమాదము పోలికలేని మాటలలో లేదు, పోలికయున్న మాటలలో ఉన్నది. తెలుగున క.సా.గు. అనగా కనిష్ఠ సామాన్య గుణిజము. ఒరియా పుస్తకమున గ.సా.గు. అనగా గరిష్ఠ సాధారణ గుణనీయకము, తెలుగు గ.సా.భా. తో సమానము. ఒరియాలో గుణనీయకము భాజకము, గుణితకము గుణిజము. సంక్షేపములో రెండును "గు" యే. బరంపురమున బడి మారిన బాలుడు "సా.గు." అను చివరి అక్షరములను నమ్మి, తగ్గింపవలసిన భిన్నమునకు గుణిజమును వెదకుచు కూర్చుండును. కన్నడమున భాజకమునకు పేరు అపవర్తనమే, గ.సా.భా. ను వారు మహత్తమ సామాన్య అపవర్తనమందురు. తెలుగు పుస్తకములు విడిచిపెట్టిన మహావీరుని మాట అచ్చట నిత్యము పలుకబడుచున్నది, ఐతే క్రియకు కాక, ఆ క్రియను చేయు సంఖ్యకు. బళ్లారిలోని తెలుగు బాలునికి ఆ మాట వినబడినప్పుడు, 31416 ను 10000 ను తగ్గించిన 8 యే అపవర్తనమని చెప్పినచో వెంటనే తెలియును.